ప్లస్ టూ సెలవుల్లో పనికెళ్తానంటున్నాడు, పంపించమంటారా?

చెన్నై పెరంబూరు నుంచి ఒక అమ్మ అడిగారు: "మా అబ్బాయికి 17 ఏళ్లు. మార్చిలో ప్లస్ టూ పరీక్షలు రాశాడు. కాలేజీ తెరిచేదాకా ఏదైనా పని చేస్తానంటున్నాడు. డబ్బు రుచి మరిగితే ఇక చదువు ఎక్కదని మావారి భయం. టీ నగర్‌లో తెలిసినవాళ్ల బట్టల షాపు ఉంది, అక్కడ చెప్పి పెట్టించమంటారా? వాడు కొత్తవాళ్లతో నాలుగు మాటలు కూడా మాట్లాడడు."

పంపించండమ్మా. కానీ మీరు పెట్టించొద్దు. పని అడగడం వాడి వంతు, ఆ పని ఎలాంటిదో చూసుకోవడం మీ వంతు. మన ఇళ్లల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది: అమ్మానాన్నే వెళ్లి ఓనరుతో "మావాడు కొంచెం మొహమాటస్తుడు, మీరే చూసుకోవాలి" అని అప్పగించి వస్తారు, జీతమెంత, ఎన్ని గంటలు అని అడగడానికి మాత్రం నోరు రాదు, తెలిసినవాళ్లు కదా!

మీ వంతు సంగతి ముందు. 14 నిండి 18 నిండని పిల్లలు గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకరమైన ఫ్యాక్టరీ పనుల్లాంటివి తప్ప మిగతావి చేయొచ్చు, 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించాక ఉన్న రూలు ఇది. ఏకధాటిగా మూడు గంటలకు మించి చేయించకూడదు, ఆ తర్వాత గంట విరామం ఇవ్వాలి, విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలే. ఓవర్‌టైమ్ కుదరదు, వారానికి ఒకరోజు సెలవు ఉండాలి, రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు అసలు పని చేయించకూడదు. చిక్కంతా ఇక్కడే, ఎందుకంటే టీ నగర్‌లో జనం కిటకిటలాడేదే సాయంత్రాలు, ఓనరు ఏ మొహమాటం లేకుండా "తొమ్మిదిన్నరకు వదిలేస్తాం" అంటాడు. అలా అన్నచోట వద్దని వచ్చేయమనండి.

అలాగని బట్టల షాపు మొత్తానికే వద్దనను. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి పెళ్లి బట్టల కోసం వచ్చే మనవాళ్లు చాలామంది పొద్దున దిగి, పగలంతా కొని, సాయంత్రానికి తిరుగు ప్రయాణం కడతారు. మీవాడికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. "అన్నా, తెలుగు కస్టమర్లతో నేను మాట్లాడతాను, పదకొండు నుంచి ఐదు వరకు ఉంటాను" అని వాడే అడిగితే అందులో ఓనరుకూ లాభం కనిపిస్తుంది. అది కుదరకపోతే మే, జూన్‌లలో నోటుపుస్తకాల షాపుల హడావిడి ఉంటుంది, జెరాక్స్ సెంటర్లలో ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపే పని ఉంటుంది. ఏడో తరగతి పిల్లలకు ఇంట్లోనే లెక్కలు చెప్పినా పనే. బండి మీద డెలివరీ మాత్రం వద్దే వద్దు. లైసెన్స్ లేని మైనరు బండి నడిపి దొరికితే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం పెద్దవాళ్లకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, వాడికేమో 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

ఇక మాట్లాడడం. దీనికి స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేర్చి డబ్బు పోసేయకండి. ఈ వారం నుంచే ఇంటి పనులు వాడి చేత మాట్లాడించండి: గ్యాస్ ఏజెన్సీకి ఫోన్, బ్యాంకులో పాస్‌బుక్ పని, అణ్ణాచ్చి కిరాణా కొట్టులో లెక్క తప్పితే వెనక్కి వెళ్లి అడగడం. మీరు పక్కనుంటే మీరే మాట్లాడేస్తారు, కాబట్టి వెళ్లకండి. షాపుకు అడగడానికి వెళ్లేది పొద్దున, గిరాకీ లేనప్పుడు. రెజ్యూమే అంటూ నెట్‌లో కాపీ కొట్టిన పెద్ద పెద్ద మాటలు ఎవరూ చదవరు, ఒక్క కాగితం మీద పేరు, చదువు, వచ్చిన భాషలు, వినాయక చవితి పందిరికి చందాల లెక్క రాసి ఉంటే అది కూడా రాయమనండి, నేనైతే అదే ముందు చూస్తాను. ఎన్నాళ్లుంటావని అడిగితే రెండు నెలలని నిజం చెప్పాలి. జీతం ఏ తేదీన ఇస్తారు, రానిరోజుకు ఎంత కోస్తారు, ఈ రెండూ చేరకముందే వాడి నోటితోనే అడగాలి. మొదటిసారి గొంతు వణుకుతుంది, వణకనివ్వండి.

ఒరిజినల్ మార్కుల షీటు, టీసీ ఎవరడిగినా ఇవ్వొద్దు, జెరాక్స్ చాలు. ఉద్యోగం ఇస్తామంటూ ముందే డిపాజిట్ కట్టమనేవాళ్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది. పిల్లల్ని ఇంకా ఎక్కువగా ముంచుతున్నది వేరే ఉంది: "పనేమీ లేదు తమ్ముడూ, నీ బ్యాంకు అకౌంట్, ఏటీఎం కార్డు మాకు వాడుకోనివ్వు, నెలకింత ఇస్తాం" అని టెలిగ్రామ్‌లో వచ్చే ఆఫర్. అందులో తిరిగేది ఎక్కడో మోసపోయినవాళ్ల సొమ్ము, అకౌంట్ ఫ్రీజ్ అయ్యాక పోలీసులు వెతికేది అకౌంట్ ఎవరి పేరున ఉందో వాళ్లనే. ఇది మాత్రం వాడిని కూర్చోబెట్టి చెప్పండి. అప్పటికే ఇచ్చేసి ఉంటే తిట్టడం తర్వాత, ముందు బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీవారి భయం నాకు అర్థమవుతుంది, కొందరు పిల్లలు నిజంగానే చేతిలో డబ్బు ఆడగానే కాలేజీ ఎందుకంటారు. అందుకే చేరకముందే ఆఖరి రోజు తేదీ వాడి చేతే ఓనరుకు చెప్పించండి. రిజల్ట్స్ వచ్చిన రోజు, కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్‌కు, సర్టిఫికెట్ల పనికి సెలవు కావాలని కూడా అప్పుడే అడిగి పెట్టుకోవాలి. దానికి ఒప్పుకోని షాపులో చేరొద్దు, పెరంబూరు నుంచి టీ నగర్ దాకా షాపులకేం కొదవ!