చెన్నైలో యూరాలజీ ఎంసీహెచ్ ఎలా ఉంటుంది? తమిళం రాని తెలుగమ్మాయి చేరొచ్చా?

మీరు అడిగినవి మూడు సంగతులు. గుంటూరులో ఎంఎస్ జనరల్ సర్జరీ అయిపోవస్తోంది, నీట్ ఎస్‌ఎస్‌లో (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్షలో) ర్యాంకు వస్తే చెన్నైలో యూరాలజీ ఎంసీహెచ్ (మూత్ర సంబంధ జబ్బుల సర్జరీలో మూడేళ్ల కోర్సు) తీసుకోవచ్చా, ఆపరేషన్లు చేతికిస్తారా అన్నది మొదటిది. తమిళం రాకుండా మూడేళ్లు గడుస్తాయా అన్నది రెండోది. ఆడపిల్లని, మగ పేషెంట్లతో ఇబ్బంది ఉండదా అన్నది మూడోది. నాది నెల్లూరు జిల్లా. చెన్నైలో ఒక యూనివర్సిటీ ఆసుపత్రిలో యూరాలజీ చేశాను. నేనూ మీలాగే ఆడదాన్ని కాబట్టి చివరిదే ముందు చెబుతాను, అది తొందరగా తేలిపోతుంది.

పేషెంట్లతో ఇబ్బంది ఉండదు. ప్రోస్టేట్ పెరిగి మూత్రం ఆగిపోయి, పొత్తికడుపు రాయిలా బిగుసుకుని అర్ధరాత్రి క్యాజువాల్టీకి వచ్చిన డెబ్బై ఏళ్ల పెద్దాయనకు, క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) వేసేది ఎవరన్న ఆలోచనే ఉండదు. ఆ బాధ దిగితే చాలు. అభ్యంతరం ఎప్పుడైనా వస్తే పక్కనున్న కొడుకు నుంచో అల్లుడి నుంచో వస్తుంది. వాళ్లను బయట నిలబెట్టి, కర్టెన్ లాగి, ఏం చేయబోతున్నామో పెద్దాయనకు నిదానంగా చెబితే సరిపోతుంది. ఆడ పేషెంట్ల విషయంలో అయితే మనం ఉండటం చాలా అవసరం. గర్భసంచి ఆపరేషన్ తర్వాత మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి, రాత్రీపగలూ మూత్రం కారుతూ, పాత చీర ముక్కలు మడిచి పెట్టుకుని, పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేసినవాళ్లు ఓపీకి వస్తారు. మగ డాక్టరు అడిగితే "మంటగా ఉంది సార్" అని ఊరుకుంటారు. మన దగ్గర కూర్చుని, భర్త బయటికి వెళ్లాక అసలు సంగతి చెబుతారు. ఆ రంధ్రాన్ని ఆపరేషన్‌తో మూసేయవచ్చు. ఇన్నాళ్లూ వాళ్లు ఎవరికీ చెప్పకుండా భరించారన్నదే నాకు ఇప్పటికీ బాధ. మన దేశంలో ఆడ యూరాలజిస్టులు చాలా తక్కువ. మీరు ఈ ఒక్క కారణంతో వెనక్కి తగ్గొద్దు.

ఇక చదువు సంగతి. ముందుగా మనసును సిద్ధం చేసుకోండి, ఎందుకంటే మళ్లీ అందరికంటే జూనియర్ అవుతారు. ఎంఎస్ ఆఖరి ఏడాదిలో హెర్నియాలు, అపెండిక్స్‌లు సొంతంగా చేసి, కిందివాళ్లకు నేర్పి వచ్చి ఉంటారు. ఇక్కడ మొదటి ఏడాది వార్డు, క్యాజువాల్టీ, వేరే డిపార్ట్‌మెంట్ల కాల్స్, యూరోడైనమిక్స్ (మూత్రాశయం పనితీరు కొలిచే పరీక్ష), సిస్టోస్కోపీలు (మూత్రాశయంలోకి స్కోప్ పంపి చూడటం), లోపల పెట్టిన స్టెంట్ గొట్టాలు తీయడం. వయసు ముప్పై దగ్గరపడుతుంటుంది, ఇంట్లో పెళ్లి గురించో పిల్లల గురించో టెన్షన్ ఉంటుంది, తోటివాళ్లు ఊళ్లో నర్సింగ్ హోమ్ తెరిచేసి ఉంటారు. మనం రాత్రి రెండింటికి పెద్ద సిరంజితో సెలైన్ ఎక్కించి, మూత్రాశయంలో గడ్డకట్టిన రక్తాన్ని లాగుతూ ఉంటాం. ఆ పని చిన్నదని మాత్రం అనుకోకండి. గడ్డలన్నీ వచ్చేసి నీళ్లు తేటగా తిరిగి వచ్చేదాకా వదలకుండా నిలబడ్డవాళ్లకే తర్వాత స్కోప్ అప్పగిస్తారు.

క్యాథెటర్ నాకు ఎంఎస్‌లోనే వచ్చు కదా అంటారేమో. ఇక్కడికి వచ్చేవి వేరేచోట ఇద్దరు ముగ్గురు ప్రయత్నించి, కుదరక, రక్తం కారుతుండగా పంపించిన కేసులు. మా యూనిట్ చీఫ్ నేర్పిన పద్ధతి ఇప్పటికీ అలాగే పాటిస్తాను. మత్తు జెల్లీ నింపి గడియారం చూసుకుని ఐదు నిమిషాలు ఆగాలి, అటు ఎంత మంది కాల్ చేస్తున్నా సరే. అడ్డు తగిలితే తోయకూడదు. 16 సైజు పోకపోతే సన్నది తీసుకుని ఇంకా గట్టిగా నెట్టడం అందరూ చేసేదే, కానీ సన్నటి ట్యూబే తప్పుడు దారి తీస్తుంది. ప్రోస్టేట్ అయితే కొన వంపు తిరిగిన క్యాథెటర్ ప్రయత్నించాలి. అదీ కాకపోతే సిస్టోస్కోప్‌తో కళ్లారా దారి చూసి, గైడ్‌వైర్ పంపి, దాని మీదుగా ఎక్కించాలి. ఏదీ కుదరకపోతే పొత్తికడుపు మీద నుంచి వేయాలి. మూత్రం కనిపించి, ట్యూబ్ మొదలంటా లోపలికి వెళ్లాకే బెలూన్ నింపాలి. మూత్రమార్గంలో బెలూన్ ఉబ్బితే ఆ మనిషికి జీవితాంతం స్ట్రిక్చర్ (మూత్రమార్గం ఇరుకైపోవడం) బాధ మిగిలిపోవచ్చు.

రెండో ఏడాది నుంచి యూరెటెరోస్కోపీ (మూత్రనాళంలోకి స్కోప్ పంపి రాయి తీయడం), టీయూఆర్‌పీ (మూత్రమార్గం గుండా ప్రోస్టేట్ గీకి తీయడం), పీసీఎన్ఎల్ (వీపు నుంచి కిడ్నీలోకి దారి చేసి రాయి తీయడం) కొద్దికొద్దిగా చేతికొస్తాయి. కత్తిరి ఎండలు మొదలైతే రాళ్ల కేసులు వరసకడతాయి. పీసీఎన్ఎల్‌లో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది మొదటి సూది. పేషెంట్ బోర్లా పడుకుని ఉంటారు, కింది నుంచి పంపిన రంగు మందుతో కిడ్నీలోని గదులు సీ-ఆర్మ్ (ఎక్స్‌రే మిషన్) తెర మీద తెలుస్తాయి. వెనక వైపున్న సరైన గదిని ఎంచుకుని, సూది మొన, పిడి ఒకే చుక్కగా కనిపించేలా నిలిపి, తర్వాత మిషన్ తిప్పి లోతు చూసుకుంటూ పంపాలి. లోపలి పుల్ల తీయగానే మూత్రపు చుక్క రావాలి. అది రాకపోతే మళ్లీ మొదటికి. ఆ దారి సరిగ్గా పడితే తర్వాతిదంతా ఓపిక, పడకపోతే రక్తస్రావం. ఇంకో మాట, లెడ్ ఏప్రన్, మెడకు థైరాయిడ్ షీల్డ్ లేకుండా సీ-ఆర్మ్ దగ్గర నిలబడొద్దు, రేడియేషన్ బ్యాడ్జి తప్పకుండా పెట్టుకోండి. గర్భం వస్తే మొహమాటపడకుండా వెంటనే చీఫ్‌కి చెప్పి డ్యూటీలు మార్పించుకోండి. అది మీ హక్కు.

రాయి అడ్డుపడి, పైన చీము పట్టి, షుగర్ అదుపు తప్పి, జ్వరంతో వణుకుతూ వచ్చేవాళ్లుంటారు. అక్కడ సర్జన్ చేయి రాయి వైపు గుంజుతుంది. ఆ రోజు రాయి జోలికి పోకూడదు. స్టెంట్‌తోనో, వీపు నుంచి ట్యూబ్‌తోనో చీము బయటికి తెచ్చి, మనిషిని నిలబెట్టాలి. రాయి తర్వాత.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్నది. ఎన్ని ఆపరేషన్లు చేతికిస్తారన్నది అందరూ అడుగుతారు. మీరు ఇంకొకటి అడగండి, ఆ డిపార్ట్‌మెంట్‌లో స్టెంట్ రిజిస్టర్ ఉందా అని. యూరాలజీలో మనం లోపల పెట్టింది బయటికి తీసేదాకా ఆపరేషన్ అయిపోయినట్టు కాదు. డీజే స్టెంట్ కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉండే సన్నటి గొట్టం, రెండు చివర్లూ చుట్టుకుని ఉంటాయి. మామూలుగా కొన్ని వారాల్లో తీసేస్తాం, ఇంకా అవసరమైతే గడువులోగా మారుస్తాం. బయటికి ఏమీ కనిపించదు కాబట్టి పేషెంట్‌కు గుర్తుండదు. నొప్పి తగ్గిందంటే అంతా తగ్గిందనే అనుకుంటారు.

నాయుడుపేట వైపు నుంచి ఒక రైతు వచ్చారు. రెండేళ్లకు పైగా ముందు వేరే ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో రాయి తీయించుకున్నారట. మూత్రంలో రక్తం, మంట. ఎక్స్‌రే తీస్తే స్టెంట్ ఉన్న మేర అంతా తెల్లగా సున్నం కట్టి ఉంది, మూత్రాశయంలోని చివర నిమ్మకాయంత రాయైపోయింది. భార్య ప్లాస్టిక్ కవర్లోంచి పాత డిశ్చార్జి కాగితం తీసి ఇచ్చింది. అందులో స్టెంట్ తీయించుకోవాలన్న మాట ఉంది, ఆఖరి పేరాలో, ఇంగ్లిష్‌లో. "ఇందులో రాసుండాదంట కదమ్మా, మాకెవురూ నోటితో చెప్పలా" అంది ఆమె. కింది రాయి పగలగొట్టడం ఒకసారి, వీపు నుంచి కిడ్నీలోని చివర తీయడం ఇంకోసారి. ఐదు నిమిషాల్లో సిస్టోస్కోపీతో అయిపోయే పనికి ఆ మనిషి రెండు పెద్ద ఆపరేషన్లు చేయించుకోవాల్సి వచ్చింది. పంట పోయింది, అప్పు మిగిలింది.

మా దగ్గర థియేటర్ సిస్టర్ ఒక రిజిస్టర్ పెట్టేవారు. స్టెంట్ వేసిన ప్రతి పేషెంట్ పేరు, ఏ వైపు, వేసిన తేదీ, తీయాల్సిన తేదీ, రెండు ఫోన్ నంబర్లు, ఒకటి పేషెంట్‌ది, ఇంకొకటి ఇంట్లో వేరేవాళ్లది. అది నింపనిదే పేషెంట్‌ను వార్డుకు కదలనిచ్చేవారు కాదు. వారానికోసారి మొదటి ఏడాది రెసిడెంట్ కూర్చుని గడువు దాటినవాళ్లకు ఫోన్ చేయాలి. సూళ్లూరుపేట, తడ, గూడూరు నంబర్లన్నీ నాకే వచ్చేవి. డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో నేనే రాసేదాన్ని: "మీ లోపల ట్యూబ్ ఉంది. ఫలానా తేదీకి తీయించుకోవాలి. నొప్పి లేకపోయినా రావాలి." చదివి వినిపించి, కొడుకు చేతో కూతురు చేతో తిరిగి చెప్పించుకునేదాన్ని.

కిడ్నీ మార్పిడిలోనూ ఇదే. తమిళనాడులో మరణానంతర అవయవదానం 2008 నుంచి ప్రభుత్వ పథకంగా నడుస్తోంది. కాబట్టి ఇక్కడి పెద్ద ఆసుపత్రుల్లో చదివితే ఆ రాత్రులు మీకూ వస్తాయి. కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి బ్రెయిన్ డెత్ నిర్ధారించాక, ఆ కుటుంబం ఒప్పుకున్నాక, మంచులో కిడ్నీ వస్తుంది. రక్తనాళాలు కలిపి క్లాంప్ తీయగానే పాలిపోయిన కిడ్నీ గులాబీ రంగులోకి మారుతుంది, ఇంకా మూత్రాశయానికి కలపని నాళం కొస నుంచి ఒక్కోసారి అక్కడికక్కడే మూత్రం చుక్కలు పడతాయి. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్న మనిషిది అది. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లం అందరం ఆ చుక్కల కోసమే చూస్తాం. తర్వాత నాళాన్ని మూత్రాశయానికి కుట్టేటప్పుడు అక్కడా మామూలుగా ఒక స్టెంట్ పెడతాం. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడే మనిషిలో దాన్ని మరిచిపోతే ఇన్ఫెక్షన్ సోకి, ఆ కొత్త కిడ్నీయే పోవచ్చు. తెల్లారుజామున నాలుగైనా ఆ పేరు రిజిస్టర్‌లోకి ఎక్కాల్సిందే.

తమిళం గురించి పెద్దగా భయం వద్దు. పాఠాలు, పరీక్షలు ఇంగ్లిష్‌లోనే. మొదటి కొన్ని నెలలు వార్డు సిస్టర్లూ సీఆర్‌ఆర్‌ఐలూ సాయం చేస్తారు, హౌస్ సర్జన్లను ఇక్కడ అలాగే పిలుస్తారు. ధార ఎలా వస్తోంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఆపుకోలేకపోతున్నారా లాంటి ప్రశ్నలు ముందు నేర్చుకోండి, మన ఓపీలో సగం వాటితోనే నడుస్తుంది. మన తెలుగు కూడా వృథా పోదు. లోకల్ రైళ్లు సూళ్లూరుపేట దాకా ఉన్నాయి, చెన్నై ప్రభుత్వ పెద్దాసుపత్రి సెంట్రల్ స్టేషన్‌కు ఎదురుగానే ఉంది, నెల్లూరు, చిత్తూరు జిల్లాల వాళ్లకు పెద్ద జబ్బంటే ముందు గుర్తొచ్చేది చెన్నయ్యే. మన మాట వినగానే వాళ్ల ముఖాలు తేటపడతాయి. ఆరోగ్యశ్రీ మాత్రం ఇక్కడ అన్ని ఆసుపత్రుల్లోనూ చెల్లదు, పేషెంట్‌ను అడ్మిట్ చేసే ముందే కనుక్కుని చెప్పడం అలవాటు చేసుకోండి. బెంగళూరు కూడా మంచిదే, విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో నెఫ్రో యూరాలజీకి ప్రత్యేకంగా ఇన్‌స్టిట్యూటే ఉంది, భాషతో ఇబ్బంది ఇంకా తక్కువ.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీలో ఫైనల్ ఇయర్ వాళ్లతో మాట్లాడండి, హెచ్ఓడీతో మాత్రమే మాట్లాడి వచ్చేయొద్దు. లేజర్, ఫ్లెక్సిబుల్ స్కోప్ పనిచేస్తున్నాయా, రిపేరులో ఉన్నాయా అడగండి. మొదటి ఏడాది వాళ్లు వారంలో ఎన్నిసార్లు స్కోప్ పట్టుకుంటున్నారు, మార్పిడిలో రెసిడెంట్లకు ఏ భాగం ఇస్తున్నారు, ఆడ రెసిడెంట్లకు థియేటర్ దగ్గర వేరే డ్యూటీ రూమ్ ఉందా అడగండి. బాండ్ షరతులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, సంతకం పెట్టేముందు పూర్తిగా చదవండి. ర్యాంకు వచ్చాక ఇక్కడే కింద రాయండి, ఆప్షన్ల వరుస ఎలా పెట్టుకోవాలో కలిసి చూద్దాం.