రంగు గీకాలా, వద్దా?

(చెక్క సామాను, వాయిద్యాల పాలిష్ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు మహబూబ్‌నగర్ పాలిష్ మేస్త్రీ సమాధానాలు)

ప్రశ్న: హైదరాబాద్‌లో పాత ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కొన్నాను. నల్లది. కింది అంచున రంగు పెచ్చులూడింది. రంగంతా తీసేసి, చెక్క గీతలు కనిపించేలా పాలిష్ పెట్టుకోవాలని కోరిక. మందపాటి పూత పోతే ధ్వని కూడా బాగుపడుతుందని మిత్రులు అంటున్నారు. పెయింట్ రిమూవర్ తెచ్చి పూశాను. గంటసేపు ఉంచినా రంగు చెక్కుచెదరలేదు. ఇంకేం వాడాలి?
– డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: రిమూవర్‌ను తప్పుపట్టకండి. తక్కువ ధర గిటార్లలో చాలావాటికి పాలియెస్టర్ పూత ఉంటుంది. ఒకసారి గట్టిపడితే అది థిన్నర్‌కు కరగదు. తలుపుల మీది ఎనామెల్‌ను ఉబ్బించి లేపే రిమూవర్‌కు కూడా అంత సులభంగా లొంగదు.

ముందు ధ్వని సంగతి తేల్చేద్దాం. మన నాగర్‌కర్నూల్ వైపు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. 2022లో దర్శనం మొగిలయ్య గారికి పద్మశ్రీ వచ్చింది ఆ వాయిద్యం మీదే. అందులో తీగ మోతను పెంచేది సొరకాయ బుర్ర. బుర్ర మారితే నాదం మారుతుంది. మీ గిటారుకు బుర్ర లేదు, ఉన్నది గట్టి పలక. తీగ కదలికను దాని కింద ఉండే పికప్‌లోని అయస్కాంతం, దాని చుట్టూ ఉన్న సన్నని రాగి తీగ పసిగట్టి ఆంప్లిఫయర్‌కు పంపుతాయి. పలక మీద పూత కొంచెం పలుచబడితే వినేవాడికి తెలియదు. ధ్వని కోసమే అయితే కొత్త తీగలు వేసి, పికప్‌ల ఎత్తు సరిచేసుకోండి. ఖర్చు తక్కువ, ఫలితం ఆ సాయంత్రమే వినబడుతుంది.

ఇక చెక్క గీతలు. గీకడం మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. తీగలు తీసేసి, వెనక వైపున మెడను పట్టి ఉంచే నాలుగు స్క్రూలు విప్పండి. మెడ ఊడి వస్తే దాని కింద చదరపు గుంట ఉంటుంది. టార్చి వేసి అందులోకి చూడండి. సాధారణంగా అక్కడ రంగు నిండుగా పడదు, పచ్చి చెక్క బయటపడే ఉంటుంది. గుంట అంచును వేలిగోటితో తడిమితే పూత మందం కూడా తెలుస్తుంది: అడుగున మందంగా సీలర్ (చెక్క రంధ్రాలు పూడ్చే పూత), దాని మీద పలుచగా నలుపు, ఆపైన మళ్లీ మందంగా క్లియర్ (రంగులేని పారదర్శక పూత). మీరు రంగు అనుకుంటున్న దానిలో అసలు రంగు చాలా తక్కువ. చెక్క పాలిపోయిన పసుపులో, గీతలేవీ లేకుండా ఉంటే బహుశా అది బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్క. నల్ల రంగు వేయబోయే గిటారుకు ఏ ఫ్యాక్టరీ కూడా చూడచక్కని పలక వెతకదు. మూడు నాలుగు ముక్కలు అతికించి, సందులు పూడ్చి, పైన నలుపు కొడుతుంది. వారం రోజులు గీకాక మీకు ప్యాకింగ్ పెట్టె చెక్క బయటపడితే ఎవరిని అంటారు?

కాబట్టి నా మాట వినండి, పాత పూతను తీయకండి. అంత గట్టి పునాది మీరు ఇంట్లో వేయలేరు. దాని మీదే కొత్త రంగు వేద్దాం.

సామాను విప్పేటప్పుడు ప్రతి వైరుకూ ఫోనులో ఫోటో తీసుకోండి. ఆ తర్వాత పలకను సబ్బునీటితో కడిగినట్లు తుడిచి ఆరబెట్టండి. గరుకు కాగితం పట్టాక కాదు, పట్టక ముందే. ముందే పట్టారంటే పాత మైనం, చేతి జిడ్డు గీతల్లోకి దిగి కూర్చుంటాయి. తర్వాత రంగు అక్కడ నిలవక గుండ్రంగా విడిపోయి చిన్న చిన్న గుంటలు పడతాయి. పెయింటర్లు వాటినే చేపకళ్లు అంటారు. తలకు కొబ్బరినూనె రాసుకుని అదే చేత్తో పలక పట్టుకోవద్దని మా షాపులో పిల్లలకు రోజూ చెబుతుంటాను.

పెచ్చులూడిన చోట హార్డెనర్ కలిపే కారు పుట్టీ నింపి, ఆరాక 220 నంబరు గరుకు కాగితంతో సమం చేయండి. మొత్తం పలకను 320తో మెరుపు పోయేదాకా రుద్దండి. మెరుపు మిగిలిన చోట కొత్త రంగు పట్టు దొరకక ఊడుతుంది. మెడ గుంటలోకి ఒక రీపర్ ముక్క పెట్టి పాత రంధ్రాల్లోంచే స్క్రూలతో బిగించండి. పట్టుకోవడానికి పిడి దొరుకుతుంది, వేలాడదీయడానికి వీలవుతుంది, గుంటలోకి రంగు పోకుండా అడ్డూ ఉంటుంది. గుంటలో రంగు పేరుకుంటే మెడ సరిగా కూర్చోదు. బలవంతంగా దింపితే అంచుల దగ్గర కొత్త రంగు పగులుతుంది.

రంగు ఎక్కడ దొరుకుతుందని గిటారు దుకాణాల చుట్టూ తిరగకండి. కారు పెయింట్లు అమ్మే చోటుకు వెళ్లండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950, 60లలో గిటార్లకు వేసింది కార్ల రంగులే. వాళ్ల ఫియస్టా రెడ్ 1956 నాటి ఫోర్డ్ థండర్‌బర్డ్ కారు రంగు. ఆ కాలపు కార్ల లాకర్ రంగు డూకో పేరు మన ఫర్నిచర్ మేస్త్రీల నోట ఇప్పటికీ ఉంది. డూకో పని చేసేవారు మీ ఊళ్లోనూ ఉంటారు, అడిగి చూడండి.

ఇంట్లో కొట్టడానికి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ నయం. ప్రైమర్ పలుచగా వేసి, ఆరాక 400తో రుద్ది, రంగు, ఆపైన క్లియర్. ఏ పూతైనా పలుచగా, మధ్యలో ఆగి ఆగి వేయాలి. ఒకేసారి నిండుగా కొడితే అంచుల్లో రంగు కన్నీళ్లలా కారుతుంది. హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురేథేన్) రంగు మాత్రం ఇంట్లో వద్దు. అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులను పట్టుకుంటాయి, మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఆ రంగే కావాలంటే రుద్దుడు పనంతా మీరు చేసుకుని, స్ప్రేకు మాత్రం బూత్ ఉన్న కారు పెయింటింగ్ షాపులో ఇవ్వండి. ఎన్‌సీ అయినా థిన్నర్ ఆవిరి నేలబారున పాకుతుంది. పక్క గదిలో పొయ్యి గానీ దేవుడి దీపం గానీ వెలగకూడదు.

క్లియర్ వేశాక మూడు నాలుగు వారాలు ముట్టుకోకండి. పైకి ఆరినట్లే ఉన్నా లోపలి థిన్నర్ మెల్లగా పోతూ పూత కుంగుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రాకూడదు. అప్పుడు 1000, 1500, 2000 కాగితాలతో తడిపి రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్ పట్టండి. అంచుల మీద ఒత్తకండి, పూత అక్కడే మొదట తెగుతుంది. స్క్రూ రంధ్రాల దగ్గర నీళ్లు వాడకండి. చెక్క నీరు పీల్చి ఉబ్బితే రంధ్రం చుట్టూ రంగు పగులుతుంది. ఇంత చేశాక గిటారును రబ్బరు తొడుగుల స్టాండు మీద వదిలేయకండి. కొన్ని రకాల రబ్బరు ఎన్‌సీ పూతను మెత్తబరిచి మచ్చ వేస్తుంది. మధ్యన నూలు గుడ్డ చుట్టండి.

ఇదంతా చదివాక కూడా చెక్కే కావాలంటారా? హీట్ గన్ తెచ్చుకోండి. ఒకచోట నిలపకుండా కదుపుతూ ఉంటే పూత మెత్తబడుతుంది. లప్పం పెట్టే వెడల్పాటి రేకును కిందికి దూర్చి తోస్తే పెళ్లలుగా లేస్తుంది. ఒక్క క్షణం ఎక్కువ ఆగినా చెక్క మాడుతుంది, ఆ నల్ల మచ్చ మీద పారదర్శకమైన పాలిష్ పనికిరాదు. ఆరుబయట, మాస్కుతో చేయండి.

ప్రశ్న: ఆగస్టులో మేడ మీద గిటారుకు ఎన్‌సీ క్లియర్ కొట్టాను. కాసేపటికే తెల్లగా మంచు పట్టినట్లయింది. మళ్లీ మొదటి నుంచి చేయాలా?
– వనపర్తి పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. థిన్నర్ గబగబా ఆవిరయ్యేటప్పుడు పలక చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువ ఉంటే అది పూత మీద చేరి తెలుపు తేలుతుంది. ఎండ కాసిన పొడి రోజు చూసి, నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను పలుచగా చల్లండి. పూత మళ్లీ కరిగి తేమ బయటికి పోతే చాలావరకు తేటబడుతుంది. మే నెలకు వాయిదా వేద్దామనుకుంటున్నారేమో, మన జిల్లాల ఎండకు గన్‌లోంచి వచ్చిన రంగు పలకను చేరకముందే ఆరి, ఇసుక చల్లినట్లు గరుకుగా పడుతుంది. ఈ పనికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. ఆ రోజుల్లో కూడా మంచు విడిచాకే మొదలుపెట్టండి. కొట్టే ముందు నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు.

ప్రశ్న: మా అబ్బాయి గిటారుకు రంగు వేసి అన్నీ తిరిగి బిగించాడు. ఇప్పుడు ఒకటే జుమ్మని మోత. తీగలు ముట్టుకున్నా ఆగడం లేదు, వైరు గుచ్చే చోట లోహం ముట్టుకుంటే తగ్గుతోంది. రంగు వల్లనేనా?
– గృహిణి, నల్లగొండ

జవాబు: ఒక రకంగా రంగు వల్లనే అమ్మా. తీగలకు ఎర్త్ అందడం లేదు. లోపలి నుంచి ఒక సన్నని వైరు బ్రిడ్జి (పలక మీద తీగలు ఆనే లోహపు భాగం) కిందికి వస్తుంది. దాని కొన మీద రంగు పడి ఉంటుంది, లేదా బిగించేటప్పుడు పక్కకు జరిగి ఉంటుంది. బ్రిడ్జి విప్పి, వైరు కొననూ అది తగిలే లోహాన్నీ గీకి శుభ్రం చేసి మళ్లీ బిగించమనండి. వెనక స్ప్రింగులు ఉన్న గిటారైతే ఆ వైరు స్ప్రింగులు తగిలించిన లోహపు ముక్కకు టంకం వేసి ఉండాలి, ఊడిందేమో చూడమనండి.

ప్రశ్న: గేటుకు వేయగా మిగిలిన ఎనామెల్‌ను గిటారుకు వేసి, మెరుపు కోసం పైన ఎన్‌సీ క్లియర్ కొట్టవచ్చా?
– గద్వాల పాఠకుడు

జవాబు: కొట్టకండి. ఎన్‌సీ థిన్నర్ తగలగానే కింద ఎనామెల్ ఉబ్బి ముడతలు పడుతుంది. ఆ ఎనామెల్‌తో కిటికీలు వేయించుకోండి.