ఇంట్లో సంపాదించే మనిషి ఉన్నట్టుండి చనిపోతే మొదట చూసుకోవాల్సింది ఏమిటి?

సర్టిఫికెట్, బ్యాంకు, పీఎఫ్ అని ఎవరైనా చెబుతారు. నన్నడిగితే మొదట ఫోన్ లాక్. అదీ మనిషి బతికుండగానే.

మా బావది కదిరి దగ్గర పల్లె. ఐదెకరాల మెట్ట, ఏటా చెనిక్కాయే. ఐటీఐ చేసి బెంగళూరు వచ్చి పీణ్యలో పన్నెండేళ్లు సీఎన్‌సీ మెషీన్ నడిపాడు. వయసు 39. ఆ రోజు నైట్ షిఫ్టు దిగి వచ్చి ఛాతీలో మంట అన్నాడట. సోడా, గ్యాస్ మాత్ర. అక్క ఆసుపత్రికి పోదామంటే, ‘గ్యాస్‌కు ఈసీజీ ఎందుకే, డబ్బు దండగ’ అన్నాడు. 2021లో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయినప్పుడు, ‘జిమ్ చేసేవాళ్లకే ఇవన్నీ’ అని నాతో వాదించింది కూడా ఈయనే. పదిన్నరకు ఆటోలో తీసుకెళ్లేసరికే ప్రాణం లేదన్నారు.

ఆసుపత్రి బయట బెంచీ మీద బావ ఫోన్ పట్టుకుని కూర్చున్నా. సూపర్‌వైజర్ నంబరు కావాలి, స్నేహితులకు చెప్పాలి. ప్యాటర్న్ లాక్. అక్కకూ తెలియదు. అంతలో మోగింది. ‘నాయన’ అని పేరు. కాల్ ఎత్తడానికి లాక్ అడ్డం రాదు కదా, ఎత్తాను.

‘అబ్బోడా, రేత్రి మంచి వాన పడిందిరా. ఇత్తనం కాయలకు డబ్బులెయ్యి, రేపే ఎయ్యాల.’

బావను కాదని చెప్పడానికి నోరు రాలేదు. ‘సరే’ అని పెట్టేశా. గంట తర్వాత చిన్నాన్నతో చెప్పించాం. ఆ ‘సరే’ ఎవరన్నారో మామ ఇంతవరకు అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు.

కదిరి అనగానే అంబులెన్సు డ్రైవరు రేటు పెంచాడు. రాష్ట్రం దాటితే లెక్క వేరట. శవాన్ని పక్కన పెట్టుకుని బేరమాడటం ఎలా ఉంటుందో చెప్పను.

రైతు ఇళ్ల నుంచి వచ్చిన మగవాళ్లకు ఒక జబ్బుంది, ఇంట్లో ఏదీ చెప్పరు. అక్కడ బోరు ఎండింది, కాయకు ధర లేదు, ఇంక నా టెన్షన్ కూడా ఎందుకు అంటారు. బీపీ చెప్పరు, అప్పు చెప్పరు. ఊరివాళ్లేమో ‘బెంగళూరులో ఉజ్జోగం, వాడికేం’ అంటారు. తెలంగాణలో అయితే తన పేరున పొలం ఉన్న 18-59 ఏళ్ల రైతు ఏ కారణంతో పోయినా 5 లక్షల రైతు బీమా 2018 నుంచి ఉంది. మాది ఆంధ్ర, పైగా పొలం మామ పేరున.

దహనం ఊళ్లో చేశాం కాబట్టి డెత్ సర్టిఫికెట్ గ్రామ సచివాలయంలోనే ఇస్తారనుకున్నాం. కాదు, చావు ఎక్కడ జరిగితే నమోదు అక్కడే, 21 రోజుల్లోపు. దానికోసం అక్క మళ్లీ బెంగళూరు రావాల్సి వచ్చింది. పీఎఫ్ నామినీగా పెళ్లికి ముందు రాసిన వాళ్లమ్మ పేరే ఉంది. పెళ్లయ్యాక కొత్తగా రాయాలి, ఎవరు రాస్తారు? అత్త మంచిది కాబట్టి గొడవ కాలేదు. పీఎఫ్ ఉన్నవాళ్లకు ఈడీఎల్ఐ కింద 7 లక్షల దాకా బీమా ఉంటుందనీ, మనిషి పోతే గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు నిబంధన వర్తించదనీ మాకు కంపెనీ చెప్పలేదు, పక్కింటి ఆయన చెప్పాడు.

ఫోన్ మాత్రం పదకొండో రోజు దాకా తెరుచుకోలేదు. దుకాణానికి పంపుదామనుకుంటుంటే బావ కొడుకు, ఏడేళ్లవాడు, ‘నాకు తెలుసు’ అని లాక్కుని వేలితో గీశాడు. తెరుచుకుంది. గేములకోసం ఎప్పుడో చూసి పెట్టుకున్నాడట. మెసేజ్‌లు వెతికితే బ్యాంకు నుంచి ప్రతి మే నెలలో 436 రూపాయలు కట్ అయినట్టు ఉంది. జీవన్ జ్యోతి బీమా, 2 లక్షలు. అక్కకు కూడా తెలియదు.

మేం ఇవన్నీ చూస్తున్నంతసేపూ వాడు అక్కడే నిలబడ్డాడు, అయిపోయాక ఫోన్ తనకే ఇస్తామని.