జవగళ్ శ్రీనాథ్ ఆట మానేశాక ఏం చేస్తున్నారు?

మైసూరులో ఇంజనీరింగ్ చదివిన భారత మాజీ ఫాస్ట్ బౌలర్ జవగళ్ శ్రీనాథ్, 1989లో కర్ణాటక తరఫున ఆడిన తొలి రంజీ మ్యాచ్‌లోనే మన హైదరాబాద్ జట్టుపై హ్యాట్రిక్ తీశారు. 1991లో బ్రిస్బేన్‌లో టెస్టుల్లోకి వచ్చినా, కపిల్ దేవ్, మనోజ్ ప్రభాకర్ అనే ఇద్దరు పేస్ బౌలర్లు జట్టులో ఉండటంతో స్వదేశంలో తొలి టెస్టు కోసం 1994 చివరి వరకు వేచి ఉండవలసి వచ్చింది. అవి ఆయన మెరుపు వేగమున్న సంవత్సరాలు కాబట్టి, ఆ నష్టం జట్టుదే అని నా అభిప్రాయం. 1997లో భుజానికి శస్త్రచికిత్స జరిగినా, 1999లో ఈడెన్ గార్డెన్స్‌లో పాకిస్తాన్‌పై రెండో ఇన్నింగ్స్‌లో 86 పరుగులకు 8 వికెట్లు, మొత్తం మ్యాచ్‌లో 13 వికెట్లు తీశారు. అంత శ్రమించినా భారత్ ఆ టెస్టులో 46 పరుగుల తేడాతో ఓడిపోవడం ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. 67 టెస్టుల్లో 236, 229 వన్డేల్లో 315 వికెట్లు ఆయనవి.

2003 ప్రపంచకప్ ఫైనల్ ఆయన చివరి అంతర్జాతీయ మ్యాచ్. 2006 నుంచి ఐసీసీ మ్యాచ్ రిఫరీగా పనిచేస్తున్నారు. టాస్ వేళ ఇద్దరు కెప్టెన్ల పక్కన నిలబడి నాణెం ఎటు పడిందో చూసే ఆయనే, ఆటగాళ్ల ప్రవర్తనపై ఫిర్యాదులు విచారించి శిక్ష నిర్ణయిస్తారు, పిచ్‌కు రేటింగ్ ఇస్తారు. మధ్యలో కుంబ్లే అధ్యక్షుడిగా ఉన్నప్పుడు కర్ణాటక క్రికెట్ సంఘానికి కార్యదర్శిగానూ ఉన్నారు.