చచ్చినాయన్నే అడగొచ్చుగా!

హాయిగా చదువుకునే మర్డర్ మిస్టరీలో ప్రేమ, దెయ్యాలు కూడా కలిపితే బాగుంటుందా, చదివి నిరాశపడ్డారా అని అడిగారు. పడ్డాను. మామూలుగా కాదు.

పోయిన సంక్రాంతికి సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కా, సైడ్ అప్పర్ వచ్చింది (ఆ బెర్తు డిజైన్ చేసినవాడు ఒక్క రాత్రైనా అందులో పడుకుని ఉండడు). ఫోన్లో ఒక ఇంగ్లిష్ కోజీ నవల (ఆ హాయిగా చదువుకునే రకం మర్డర్ మిస్టరీలకి అదే పేరు) మొదలెట్టా. అమెరికాలో చిన్న ఊరు, విడాకులు తీసుకుని బేకరీ పెట్టుకున్న హీరోయిన్, ఒక పిల్లి, అందగాడైన పోలీసు. మేడమీద పాత ఓనరు దెయ్యమై తిరుగుతుంటాడు, ఆయన్ని చంపిందెవరో తేల్చాలి. కాజీపేట దాకా బానే ఉంది. విజయవాడ వచ్చేసరికి ఆ పోలీసు కాఫీకొచ్చినప్పుడల్లా కేసు ఫైలంతా అప్పజెప్పేస్తున్నాడు, దాన్ని ప్రేమంటారట!

నిడదవోలు దాటాక కింద బెర్తులో మామ్మగారు, రాజమండ్రిలో దిగాలి కదా, లేచి కూర్చుని "ఇంకా నిద్రపోలేదేంటే" అన్నారు. కథ చెప్పా.

"చచ్చినాయనే దెయ్యమా? మరెవరు చంపారో ఆయన్నే అడగొచ్చుగా?"

"వెనకనుంచి కొట్టారట మామ్మగారూ, చూళ్ళేదట."

"పోనీ చచ్చాక ఇంట్లోనే ఉన్నాడుగా, శవాన్ని ఈడ్చుకెళ్ళినవాడినీ చూళ్ళేదా?"

నా దగ్గర జవాబు లేదు, రాసినావిడ దగ్గరా లేదు. బ్రిడ్జి మీదకి రాగానే మామ్మగారు కిటికీలోంచి రూపాయి బిళ్ళ గోదాట్లోకి వేసి దణ్ణం పెట్టుకుంటున్నారు, ఇక్కడేమో చివరి చాప్టర్లో ఆ పాత ఓనరు భార్య ఎక్కడినుంచో ఊడిపడి హంతకుడి పేరు చెప్పేసింది. మూడొందల పేజీలు నేను వెతికిన క్లూలన్నీ గంగలో కలిసినట్టే.

1929లోనే రోనాల్డ్ నాక్స్ అని ఇంగ్లండ్‌లో ఒక ఫాదర్, తనూ డిటెక్టివ్ కథలు రాసేవాడే, పది రూల్స్ పెట్టాడు. రెండోదే దెయ్యాలూ గియ్యాలూ కుదరవని. మూడోది రహస్య గది ఒకటికి మించి ఉండకూడదని, ఈ పుస్తకంలో రెండున్నాయి, లెక్కపెట్టా. నేను అంత చాదస్తంగా చెప్పను, దెయ్యం ఉండొచ్చు, కానీ దానికేం తెలుసో ఏం తెలీదో మొదట్లోనే చెప్పేయాలి, అవసరం పడ్డప్పుడల్లా గుర్తొచ్చి లేనప్పుడు మర్చిపోతే ఎలా? కానన్ డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ బాస్కర్‌విల్ నవల 1902లో పుస్తకంగా వచ్చింది, అందులో శాపం, దెయ్యం అని చివరిదాకా వణికించి ఆఖర్న చీకట్లో మెరిసేలా భాస్వరం పూసిన కుక్కని చూపించాడు. అదీ పనితనం.

ఇక ఈ బేకరీ నవల చివర్లో ఏముందో తెలుసా, లెమన్ కేక్ రెసిపీ! ఈ రకం పుస్తకాల్లో అదో ఆనవాయితీ. అదీ చేశా, నడిమధ్యలో పచ్చిపిండే. రెండో భాగం ఆఫర్లో ముందే కొనేశానని ఇంట్లో ఇంకా చెప్పలేదు.