గొర్రె పిల్లలకు నూనె తాగించవచ్చా?

ప్రశ్న: మా దొడ్డిలో 24 నెల్లూరు జాతి పిల్లలు ఉన్నాయి. నాలుగో నెల నడుస్తోంది, ఒక్కోటి 15 కిలోల దాకా తూగుతుంది. త్వరగా ఒళ్లు చేస్తాయని మా బావగారు చెబితే వారం నుంచి రోజూ ఒక్కోదానికి టీ గ్లాసుడు పొద్దుతిరుగుడు నూనె తాగిస్తున్నాను. దాణాగా మిల్లు తవుడు, వేరుశనగ చెక్క పెడుతున్నాను. ఇప్పుడు పెంటికలు ముద్దగా పడుతున్నాయి. జొన్న చొప్ప ముట్టడం లేదు. నూనె ఇంకా పెంచమంటారా?
– ఒక పాఠకుడు, తాడికొండ

జవాబు: పెంచడం కాదండీ, ఈ పూటే ఆపేయండి. 15 కిలోల పిల్ల రోజుకు తినే మేత, దాణా తేమ తీసి లెక్కేస్తే 600 గ్రాములకు కాస్త అటూ ఇటూ. టీ గ్లాసులో 80 మిల్లీలీటర్లు పట్టినా నూనె ఒక్కటే 70 గ్రాములు దాటుతుంది. మేతలోని కొవ్వంతా కలిపి నూటికి 5, 6 పాళ్లు మించకూడదు. మీరు పోసిన నూనే దానికి రెట్టింపు.

మీ బావగారి మాటలో కొంత నిజం ఉంది. గింజల పిండితో పోలిస్తే నూనెలో శక్తి రెండు రెట్ల పైమాటే. కానీ చొప్పను అరిగించేది గొర్రె కాదు, దాని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు. నూనె ఎక్కువైతే పీచును కరిగించే సూక్ష్మజీవులు చస్తాయి, పీచు చుట్టూ జిడ్డు పొర కడుతుంది. చొప్ప అరగదు, అరగనిదాన్ని పిల్ల ముట్టదు. బతికిన సూక్ష్మజీవులు పల్చటి నూనెలో చాలా భాగాన్ని గట్టి కొవ్వుగా మార్చేస్తాయి. వేటమాంసం కూర చల్లారాక గిన్నె అంచుకు తెల్లగా పేరుకునేది అదే. కాబట్టి ఖరీదైన నూనె పోస్తే మాంసం కూడా అంత మేలుగా ఉంటుందని ఆశపడకండి.

మీరు గమనించనిది ఇంకొకటి ఉంది. నూనె తీయని మిల్లు తవుడులోనే నూటికి 12 నుంచి 18 పాళ్ల నూనె ఉంటుంది. గానుగ చెక్కలోనూ కొంత మిగులుతుంది. అంటే మీ పిల్లలు సీసా మూత తీయకముందే నూనె తింటున్నాయి! నూనె తీసిన తవుడు వాడేవారైతే రోజుకు ఒక చెంచాతో మొదలుపెట్టి, రెండు వారాల్లో రెండు మూడు చెంచాల దాకా దాణాలో కలపవచ్చు. మీకు ఆ అవసరమే లేదు. గుంటూరులో బజ్జీల బండ్ల దగ్గర మాడిన నూనె అడిగి తెచ్చి జీవాలకు పోసేవారిని చూశాను. ఆ పని అసలే వద్దు.

నోట్లో పోయడం మరీ ప్రమాదం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కడుపుబ్బిన ఒక పిల్ల తల పైకెత్తి పట్టుకుని నేనే నూనె పోశాను. అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. మూడో రోజు పిల్ల చచ్చిపోయింది. ఆ కాపరి నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

నాలుగు రోజులు దాణా సగానికి తగ్గించి, చొప్ప, వేరుశనగ కట్టె, నీళ్లు ఎదురుగా ఉంచండి. రెండు రోజుల్లో నెమరు వేయకపోతే పశువైద్యుడికి చూపించండి. దగ్గే పిల్ల ఉంటే అంతవరకూ ఆగవద్దు. తవుడు తెచ్చి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. బస్తా విప్పి వాసన చూడండి, ముక్కిపోయి ఉంటే పారబోయండి.