పింక్ ఫ్లాయిడ్ పాటలు 50 ఏళ్ళ తర్వాత కూడా ఎందుకు వింటున్నారు? కొత్తవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న అడిగినాయన "మాటలే సరిగ్గా అర్థం కావు, మనవాళ్ళు ఫ్యాషన్ కోసం వింటారేమో" అని కింద ఒక చురక కూడా వేశారు. సరే. నేను తిరుపతిలో పుట్టి పెరిగినోణ్ణి. మాటలు అర్థం కాకుండానే ఈ ఇంగ్లాండు రాక్ బ్యాండ్ పిచ్చి పట్టింది, ఇంకా వదల్లేదు. త్యాగరాజ కీర్తనకి తల ఊపేవాళ్ళలో ఎంతమందికి ప్రతి మాటా తెలుసో ముందు లెక్క తీయండి, తర్వాత నా సంగతి చూద్దాం.

నేను మొదట విన్నది 1973లో వచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. మా పెద్దమ్మ కొడుకు మద్రాసులో చదివే రోజుల్లో అక్కడి రికార్డింగ్ షాపులో ఖాళీ క్యాసెట్ ఇచ్చి ఎక్కించుకొచ్చాడు. ఆల్బమ్ 43 నిమిషాలు, క్యాసెట్ 60 నిమిషాలది. మిగిలిన టేపు వృథా చేయబుద్ధి కాక షాపతను చివర్లో ఇళయరాజా పాటలు నింపేశాడు. ఆఖర్న గుండె చప్పుడు మెల్లగా తగ్గిపోతుంది కదా, అది తగ్గీ తగ్గగానే జానకమ్మ గొంతు. ఇప్పటికీ నా చెవికి ఆ ఆల్బమ్ జానకమ్మతోనే ముగియాలి.

అప్పట్లో బైరాగిపట్టెడలో మిద్దె మీద అద్దెకుండేవాళ్ళం. కింద ఇంటి ఓనరు మృదంగం అయ్యవారు. పొద్దున పిల్లలకి పాఠం, మధ్యాహ్నం కునుకు. ఆ కునుకు వేళ ఎవరూ గిన్నె కూడా చప్పుడు చేయకూడదు. ఎండాకాలం ఒకనాడు కరెంటు పోయింది. ఫ్యాను లేని ఉక్కలో ఏం తోచక బ్యాటరీలేసి టేప్‌రికార్డర్ పెట్టాను. ఆ ఆల్బమ్‌లోని 'మనీ' పాట మొదలైంది. చిల్లర గలగల, కాగితం చింపిన చప్పుడు, గల్లాపెట్టె మోత, వాటి వెనకే బేస్ గిటారు. మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. తిట్లు ఖాయమనుకొని కట్టేయబోయాను.

"ఉండు నాయనా, కట్టేయొద్దు" అని అయ్యవారు తలుపు చెక్క మీద వేళ్ళు ఆడించడం మొదలుపెట్టారు. తకిట తకధిమి, తకిట తకధిమి. "మిశ్రచాపు! ఎవురబ్బా వీళ్ళు?"

"ఇంగ్లాండోళ్ళు అయ్యవారూ."

"చిల్లర పడే చప్పుడు గూడా తాళం తప్పలేదే!"

తప్పదు మరి. ఒక్కో చప్పుడు విడిగా రికార్డు చేసి, టేపును కొలిచి కోసి, మిశ్రచాపు తాళం ఏడు దెబ్బలకి సరిపోయేలా అతికించారు. కంప్యూటర్ ముఖం చూడకుండా చేసిన పని అది. ఇప్పుడు ఫోన్‌లో రెండు బటన్లు నొక్కి 'మ్యూజిక్ ప్రొడ్యూసర్' అని పేరు కింద రాసుకునేవాళ్ళు ఒక్కసారి ఆలోచించాలి.

అంతలో శాక్సాఫోన్ అందుకుంది. అయ్యవారికి కద్రి గోపాల్‌నాథ్ అంటే ప్రాణం, కాబట్టి వాయిద్యం కొత్తది కాదు. డిక్ ప్యారీ ఆ ఏడు దెబ్బల్లోనే వాయిస్తుంటే "భేష్" అన్నారు. తర్వాత డేవిడ్ గిల్మోర్ గిటారు. అయ్యవారి వేళ్ళు తడబడి ఆగాయి. "ఇదేంది, నాలుగులోకి దిగిపోయినాడే! కష్టమంతా ఆ శాక్సాఫోనాయన నెత్తిన పెట్టి ఈయన సుఖంగా వాయించుకుంటా ఉండాడు" అన్నారు. చాలా ఏళ్ళకి చదివితే తెలిసింది, ఏడులో వాయించే తిప్పలు పాపం శాక్సాఫోన్ ఆయనకే పడ్డాయని గిల్మోరే చెప్పుకున్నాడు. మా అయ్యవారు ఒక్కసారి వినే పట్టేశారు. ఆ పూట ఆయన కునుకు తీయలేదు, క్యాసెట్ రెండో వైపంతా విని, జానకమ్మ పాట కూడా విని, "ఈ తల్లి వాళ్ళతో ఎప్పుడు చేరింది?" అని నవ్వి దిగిపోయారు.

అందుకే అంటాను, కచేరీలు విన్న చెవికి పింక్ ఫ్లాయిడ్ పరాయిది కాదు. లండన్‌లో పుట్టినోడికంటే అన్నమయ్య కీర్తనలు మైకుల్లో వింటూ పెరిగిన తిరుపతి వాడికే బాగా ఎక్కుతుందని నా నమ్మకం. రుజువు అడగొద్దు. 1975లో వచ్చిన 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' చూడండి. ముందు రిక్ రైట్ కీబోర్డు శ్రుతి పట్టినట్టు ఒకచోటే నిలబడుతుంది. తర్వాత గిటారు నాలుగే స్వరాలు పలికి ఆగుతుంది. గొంతు వినపడేసరికి ఎనిమిది నిమిషాలు దాటిపోతాయి. ఆలాపన లేకుండా పల్లవి అందుకోమని మనం ఏ విద్వాంసుణ్ణయినా అడుగుతామా? రీల్స్ పిల్లలు మాత్రం "పాట ఎప్పుడొస్తుంది అన్నా?" అంటారు. వచ్చేసింది నాయనా, నువ్వే గమనించలేదు.

ఆ పాట బ్యాండ్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన సిడ్ బారెట్ గురించి. మనసు చెదిరి 1968లో బయటికి వెళ్ళిపోయాడు. 1975 జూన్‌లో వీళ్ళు ఆబీ రోడ్ స్టూడియోలో అదే పాట పనిలో ఉండగా గుండుతో, కనుబొమలు కూడా గొరిగించుకొని, లావుగా మారిన మనిషి ఒకడు వచ్చి నిలబడ్డాడు. అతనే సిడ్ అని స్నేహితులకే చాలాసేపు తట్టలేదు. ఇది తెలిశాక ఆ నాలుగు స్వరాలు నాకు వేరేగా వినపడతాయి. గాంధీ రోడ్డులో 'డార్క్ సైడ్' అట్ట మీది త్రికోణం బొమ్మ టీషర్టు వేసుకు తిరిగే కుర్రాళ్ళకి ఈ సంగతి చెప్పబోతే, అది బట్టల కంపెనీ గుర్తు అనుకుంటున్నారు.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా? 'షైన్ ఆన్' ఉన్న 'విష్ యు వర్ హియర్' ఆల్బమ్‌తో. తర్వాత 'డార్క్ సైడ్', వరుస మార్చకుండా. యాప్‌లో షఫుల్ ఆపేయండి. ఒక పాటలోంచి ఇంకో పాట పుట్టేలా అల్లిన ఆల్బమ్ మధ్యలో ప్రకటన వస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత 'యానిమల్స్', 'ద వాల్'. 1983 నాటి 'ద ఫైనల్ కట్' జోలికి మొదటి ఏడాది పోవద్దు. అది బ్యాండ్‌లో బేస్ గిటారు వాయించి పాటలు రాసిన రోజర్ వాటర్స్ ఒక్కడి గోడు, రైట్ కీబోర్డు అసలు లేనే లేదు.